సీ ఇరుకు, డీ ఖాళీ... మధ్యలో గట్టు జరిపేదెలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి సగం ఒకటే గోల. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేశాక చాలామంది విండోస్ 11 వేయించుకున్నారు, కొందరు విసుగొచ్చి ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్) వైపు వెళ్లారు. ఎటు వెళ్లినా చివరికి అందరూ ఒకేచోట ఆగారు. డిస్కు మొత్తం మీద చోటు బోలెడుంది, కావాల్సిన డ్రైవ్‌లో మాత్రం లేదు. అందుకని మిగతావి పక్కనపెట్టి ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. ప్రింటర్ గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీది వచ్చే నెల.

ప్రశ్న: నమస్తే సార్. గవర్నరుపేటలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు చేస్తాం. రెండు నెలల క్రితం సిస్టమ్‌కి విండోస్ 11 వేయించాను. వేసినతను సీ డ్రైవ్‌కి 100 జీబీ ఇచ్చి మిగతాదంతా డీకి వదిలేశాడు. ఇప్పుడు సీ ఎర్రగా అయిపోయింది, 4 జీబీ మిగిలింది. డీలో 500 జీబీ దాకా ఖాళీ ఉంటే అందులోంచి 200 తగ్గించాను, కానీ సీ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకగా ఉంటోంది, నొక్కితే పలకడం లేదు. తగ్గించిన 200 ఎటు పోయాయి? ఇంకో మాట, 1 టీబీ డిస్కని చెప్పి ఇచ్చారు, ఇందులో 931 జీబీయే చూపిస్తోంది. మోసపోయానా?
- డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: చివరిదానితో మొదలుపెడతాను, అది తేలిక. మోసం లేదు. డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, అంటే 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ అదే సంఖ్యని 1024తో మూడుసార్లు భాగించి జీబీ అని రాస్తుంది. భాగించి చూడండి, 931 వస్తుంది. చోటు ఒకటే, కొలతలే వేరు.

ఇక అసలు విషయం. మీరు తగ్గించిన 200 ఎటూ పోలేదు, డీకి అవతలి పక్కన కూర్చుంది. 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరిచి (స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ జాబితాలోనే ఉంటుంది) కింద ఉన్న పొడుగాటి పట్టీని ఎడమ నుంచి కుడికి చదవండి. మొట్టమొదట 100 ఎంబీల చిన్న ముక్క, దాని మీద 'ఈఎఫ్‌ఐ' అని ఉంటుంది, కంప్యూటర్ లేచేది దాని ఆధారంగానే కాబట్టి దాని జోలికి పోకండి. తర్వాత మీ సీ. సీ పక్కన ఐదారు వందల ఎంబీల 'రికవరీ' ముక్క. ఆ తర్వాత డీ. అన్నిటికీ చివర, పైన నల్లగీతతో 'అన్‌ఎలొకేటెడ్' అని 200 జీబీ. అదీ మీరు వెతుకుతున్నది.

ఇది పొలం గట్టులాంటి వ్యవహారం. మీ చేను పెద్దది కావాలంటే మీ గట్టుకు ఆనుకునే ఖాళీ నేల ఉండాలి, ఊరి చివర ఎక్కడో రెండెకరాలు ఖాళీగా పడుంటే మీ గట్టు అక్కడికి ఎగిరి వెళ్లదు. విండోస్ సొంత పనిముట్టుకి తెలిసింది కూడా అంతే: సీకి కుడిపక్కన, ఆనుకుని ఖాళీ ఉంటేనే 'ఎక్స్‌టెండ్' వెలుగుతుంది. మీకు మధ్యలో రెండు అడ్డాలున్నాయి. ఒకటి రికవరీ, అర సెంటు భూమే గానీ అడ్డం అడ్డమే. రెండోది డీ, దాని నిండా మీ కాపురం.

గట్టు జరపడానికి ముందు అసలు జరపాలా అని చూసుకోండి. నా దగ్గరికి 'సీ నిండిపోయింది' అని వచ్చేవాళ్లలో చాలామందికి పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన ఇలాంటి ముక్క) ముట్టుకోకుండానే పని అయిపోతుంది. మీలాంటి షాపుల్లో సీని తినేది ముఖ్యంగా డెస్క్‌టాపే. పార్టీ వాట్సాప్‌లో పంపిన ఫోటోలు, పీడీఎఫ్‌లు, 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్', అన్నీ డెస్క్‌టాప్ మీదే పడుంటాయి, డెస్క్‌టాప్ అంటే సీలో ఒక ఫోల్డర్ అని చాలామందికి తట్టదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో 'లొకేషన్' అనే చోటికి వెళ్లి దాన్ని డీకి మార్చేయొచ్చు. అయితే డీలో ముందుగా 'డౌన్‌లోడ్స్' అని ఒక ఫోల్డర్ చేసి దాన్ని చూపించండి, ఉత్త డీని చూపిస్తే డీ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారి కూర్చుంటుంది, మళ్లీ వెనక్కి తేవడం పెద్ద తంటా. ఫోటోషాప్ వాడుతుంటే దాని 'స్క్రాచ్ డిస్క్' (పని నడుస్తుండగా తాత్కాలికంగా వాడుకునే చోటు) మామూలుగా సీ మీదే ఉంటుంది, పెద్ద ఫ్లెక్సీ డిజైన్ తెరిచారంటే పదీ ఇరవై జీబీలు అప్పటికప్పుడు మింగేస్తుంది, ప్రిఫరెన్సుల్లోకి వెళ్లి దాన్ని డీకి మార్చండి. ఇంకోటి హైబర్నేషన్ ఫైలు, కంప్యూటర్ని నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకునేది. విండోస్ మామూలుగా మీ ర్యామ్‌లో 40 శాతం మేర సీలో దాచిపెట్టుకుంటుంది, 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైమాటే. షాపులో సిస్టమ్‌ని రాత్రికి పూర్తిగా ఆపేసేవాళ్లకి అది దండగ, తీసే పద్ధతి కింద రెండో జవాబులో ఉంది.

ఇవన్నీ చేస్తే మీకు ముప్ఫై నలభై జీబీ తేలుతుందనుకుంటాను. అది ఎన్నాళ్లు వస్తుందంటే, నిజం చెప్పాలంటే ఎన్నాళ్లో రాదు. విండోస్ 11 వేయడానికి కనీసం 64 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ వాళ్లే అంటున్నారు, దాని మీద అప్‌డేట్లు, మీ సాఫ్ట్‌వేర్లు, ఇక 100 ఏం సరిపోతుంది? సీకి వందే ఇవ్వడం విండోస్ 7 కాలంలో చేయి తిరిగినవాళ్ల అలవాటు, అప్పుడది ధారాళం. మీ పనికి సీ 250 ఉండాలి. కాబట్టి జరుపుదాం.

దారులు రెండున్నాయి. జీపార్టెడ్ అనే ఉచిత పనిముట్టుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దానితోనే కంప్యూటర్‌ని లేపి, డీ ఎడమ అంచుని కుడికి లాగడం ఒకటి. మౌస్‌తో లాగడం తేలికే, లోపల జరిగేది మాత్రం తేలిక కాదు. డీని కుడికి జరపడమంటే అందులోని ప్రతి ముక్కనీ ఒకచోట చదివి మరోచోట రాయడం, అదీ ఒకే డిస్కు మీద, తల అటూ ఇటూ పరిగెడుతూ. సెకనుకు 50 ఎంబీ వేగం వచ్చిందనుకున్నా 600 జీబీకి మూడు గంటల పైనే. ఆ మూడు గంటల్లో కరెంటు పోతే డిస్కులో సగం పాత చోట, సగం కొత్త చోట ఉంటుంది, ఏది ఎక్కడుందో చెప్పే నాథుడుండడు.

నేను ఒకసారి చేశాను ఈ పని, గుంటూరు అరండల్‌పేటలో మా బావగారింట్లో, మే నెల మధ్యాహ్నం. యూపీఎస్ ఉంది కదా అని ధీమా. 71 శాతం దగ్గర కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్ కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది, దాని బ్యాటరీ మార్చి నాలుగేళ్లయిందని మా అక్క అప్పుడు చెప్పింది. మూడు నిమిషాలు. ఆ గీత 72 అయ్యేలోపే స్క్రీన్ ఆరిపోయింది. తర్వాత రెండు రోజులు కూర్చుని రికవరీ సాఫ్ట్‌వేర్లతో గిలికితే కొన్ని ఫోటోలు పేర్లు లేకుండా, నంబర్లతో వచ్చాయి, కొన్ని సగం బూడిదరంగుతో వచ్చాయి. మేనకోడలి బారసాల ఫోటోల్లో ఉయ్యాల దాకా వచ్చి పిల్ల ఉండాల్సిన చోట బూడిదరంగు ఉంటుంది. మా బావ ఇప్పటికీ ఏమీ అనలేదు, అదే నాకు కష్టంగా ఉంటుంది.

అందుకే మీకు చెప్పేది రెండో దారి, కాస్త చుట్టు తిరుగుడే గానీ నిద్రపట్టే దారి. డీలో ఉన్నది 330 జీబీ కదా. 500 జీబీదో 1 టీబీదో ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చుకుని డీ మొత్తం దానిలోకి కాపీ చేయండి. కత్తిరించకండి, కాపీ. అయ్యాక రెండింట్లోనూ ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూడండి, పాతవి ఓ పది, కొత్తవి ఓ పది తెరిచి చూడండి. పదేళ్ల కిందటి శుభలేఖ పేజ్‌మేకర్‌లో తెరుచుకుని, అక్షరాలు సరిగ్గా కనిపిస్తే అప్పుడు ముందుకెళ్లండి. ఈ ఎక్స్‌టర్నల్ డిస్కు పని అయ్యాక కూడా మీకు బ్యాకప్‌గా ఉండిపోతుంది, కాబట్టి ఖర్చు వృథా కాదు. దాన్ని మాత్రం సిస్టమ్ ఉన్న టేబుల్ సొరుగులోనే పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో నాకు తెలిసిన ఫోటో స్టూడియో ఆయన సీపీయూ, బ్యాకప్ డిస్కు రెండూ ఒకే టేబుల్ కింద మునిగాయి.

కాపీ కుదిరాక, డీని డిలీట్ చేయండి. చేతులు వణుకుతాయి, ఫర్వాలేదు. ఇప్పుడు సీ, పక్కన రికవరీ, ఆపైన 831 జీబీ ఖాళీ నేల. మిగిలిన అడ్డం రికవరీ ఒక్కటే. చాలామంది చెప్పేది దాన్ని డిలీట్ చేసేయమని. నేనొద్దంటాను. విండోస్ లేవనప్పుడు బాగుచేసుకునే సరంజామా అందులోనే ఉంటుంది. పైగా 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్, ఆ రికవరీ ముక్కలో చోటు చాలలేదని ఎంతోమందికి ఎర్రర్ ఇచ్చింది, దాన్ని 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్ట్ చెప్పాల్సి వచ్చింది. అంటే చిన్నదైతేనే ఇంత గొడవ, లేకపోతే చెప్పేదేముంది.

కాబట్టి దాన్ని జరపండి. ముందు విండోస్‌లో టెర్మినల్‌ని (ఆదేశాలు టైపు చేసే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'రీఏజెంట్‌సీ' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి 'డిసేబుల్' అని కొడితే రికవరీ సరంజామా తాత్కాలికంగా సీలోకి వచ్చేస్తుంది. డ్రైవ్‌కి బిట్‌లాకర్ తాళం (డ్రైవ్‌లో ఉన్నదంతా బయటివాళ్లు చదవలేకుండా చేసే విండోస్ ఏర్పాటు) ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి, ఉంటే తీసేసి, అది పూర్తిగా అయ్యేదాకా ఆగండి, తాళం ఉన్న డ్రైవ్‌ని జీపార్టెడ్ జరపలేదు. ఇప్పుడు షిఫ్ట్ కీ నొక్కిపట్టుకుని షట్‌డౌన్ చేయండి. మామూలుగా షట్‌డౌన్ అంటే విండోస్ పూర్తిగా ఆగదు, రేపు త్వరగా లేవడానికి సగం నిద్రలో ఉంటుంది, షిఫ్ట్ పట్టుకుంటే నిజంగా ఆగుతుంది. జీపార్టెడ్ పెన్‌డ్రైవ్‌తో లేపి, రికవరీ ముక్కని 150 జీబీ కుడికి లాగండి, ఎలాగూ లాగుతున్నారు కాబట్టి దాన్ని 1 జీబీ చేసేయండి, మిగిలిన ఖాళీలోకి సీ కుడి అంచుని లాగండి, పైన టిక్కు గుర్తు నొక్కండి. జరిగేది కొన్ని వందల ఎంబీలే, సీ దాని చోటు నుంచి కదలదు, కుడివైపుకి పెరుగుతుందంతే. కాఫీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

తిరిగి విండోస్‌లోకి వచ్చి అదే మాటలో 'డిసేబుల్' బదులు 'ఎనేబుల్' కొట్టండి. మిగిలిన ఖాళీలో కొత్త డీ చేసుకుని, అక్షరం డీయే ఇవ్వండి, వేరే అక్షరం ఇస్తే పేజ్‌మేకర్ ఫైళ్లలో లింకు చేసిన బొమ్మలన్నీ 'ఎక్కడున్నాయి' అని అడుగుతాయి. ఎక్స్‌టర్నల్ నుంచి మళ్లీ కాపీ. ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి షాపు మామూలు. సీజన్ పెళ్లిళ్లు ముగిశాకే సుమా.

ప్రశ్న: అంకుల్, నేను గుంటూరులో బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. ల్యాప్‌టాప్‌లో 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11 పక్కనే ఉబుంటు వేసుకున్నాను, దానికి 30 జీబీ ఇచ్చాను. డాకర్, పైథాన్ ప్యాకేజీలు వేసేసరికి నిండిపోయింది. విండోస్ సీలో 210 జీబీ ఖాళీ ఉంది, కానీ 'ష్రింక్' నొక్కితే 3 జీబీ మాత్రమే ఇస్తానంటోంది. ఎందుకు? ఇంకోటి, ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైము తప్పు చూపిస్తోంది. సాయంత్రం నాలుగుకి పదిన్నర అంటోంది.
- బీటెక్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అంకుల్ అన్నందుకు కోపమేం లేదమ్మా, అలవాటైపోయింది.

సీలో ఖాళీ 210 అయినా అది ఒకచోట పోగుపడి లేదు. విండోస్ సీని కుడి చివర నుంచి తగ్గిస్తుంది, ఆ చివర్లో కదలని ఫైలు ఒక్కటి కూర్చున్నా అక్కడే ఆగిపోతుంది. రైలు బోగీ అంతా ఖాళీగా ఉండి, చివరి సీట్లో ఒకాయన నిద్రపోతుంటే ఆ బోగీ విప్పలేరు కదా, అలాగ. ఆ నిద్రపోయే పెద్దమనుషులు ముగ్గురు: హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది), సిస్టమ్ రిస్టోర్ కోసం దాచిన కాపీలు. మొదటిదాన్ని ఆపాలంటే అడ్మినిస్ట్రేటర్ టెర్మినల్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ', ఖాళీ, వాలుగీత పెట్టి 'హెచ్', ఖాళీ, 'ఆఫ్'. పేజ్ ఫైలుని 'అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్'లో కాసేపు 'నో పేజింగ్ ఫైల్' చేయి. సిస్టమ్ ప్రొటెక్షన్ కూడా ఆపు. రీస్టార్ట్ చేసి ష్రింక్ నొక్కు, ఈసారి అంకె మారుతుంది. ఇంకా మొండికేస్తే ఈవెంట్ వ్యూయర్‌లో 'అప్లికేషన్' లాగ్‌లో 259 నంబరు కోసం చూడు, ఏ ఫైలు దగ్గర ఆగిందో విండోస్ అక్కడ పేరుతో సహా రాసి పెడుతుంది. పని అయ్యాక పేజ్ ఫైలు, ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకు.

సీని తగ్గించడం మాత్రం విండోస్ లోంచే చేయి, జీపార్టెడ్‌తో కాదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, మనకి చెప్పకుండానే డ్రైవ్‌కి తాళం పడిపోవడం మామూలైంది. విండోస్ తన తాళం ఉన్నా తన డ్రైవ్‌ని తగ్గించుకోగలదు, బయటివాళ్లు చేయలేరు. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి చూసి ఇప్పుడే నోట్‌బుక్కులో రాసుకో. బూట్ క్రమం మారినప్పుడు ఎప్పుడైనా అడగొచ్చు, అప్పుడు హాస్టల్లో అర్ధరాత్రి పూట టెన్షన్ పడటం ఎందుకు.

సీ నుంచి 60 జీబీ తీశావనుకుందాం, ఆ ఖాళీ సీకి, ఉబుంటుకి మధ్యన వస్తుంది. అంటే ఉబుంటుకి ఎడమపక్కన. ఉబుంటు వాడే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4, అది కుడివైపుకైతే నడుస్తుండగానే పెరుగుతుంది, ఎడమకి జరగాలంటే మాత్రం ఆగి ఉండాలి, మనం కూర్చున్న కొమ్మని మనం నరకలేం కదా. అందుకే ఉబుంటు వేసినప్పటి పెన్‌డ్రైవ్‌తోనే లేపి 'ట్రై ఉబుంటు'లోకి వెళ్లి అక్కడ జీపార్టెడ్ తెరువు. పార్టిషన్ పక్కన తాళంచెవి బొమ్మ కనబడితే అది వాడకంలో ఉన్నట్టు, అన్‌మౌంట్ చేసి (అంటే వాడకం నుంచి విడిపించి) మొదలుపెట్టు. పార్టిషన్ మొదలుని జరిపితే సిస్టమ్ లేవకపోవచ్చని అది ఒక హెచ్చరిక చూపిస్తుంది. భయపడాల్సిన పని చాలావరకు ఉండదు, ఉబుంటు తన పార్టిషన్‌ని గుర్తుపట్టేది యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యతో, జరిపినా అది మారదు. ఎస్ఎస్‌డీ మీద 30 జీబీ కొద్ది నిమిషాల పని, అయినా ఛార్జర్ పెట్టే చేయి, ప్రాజెక్టు కోడ్ ముందే వేరేచోట పెట్టుకో. జరపడమే ఇష్టం లేకపోతే ఆ 60లో కొత్త పార్టిషన్ చేసి డాకర్ సామానంతా అందులోకి మార్చుకోవచ్చు, అదీ తప్పేం కాదు, కానీ మూడు నెలల తర్వాత మళ్లీ నాకే రాస్తావు.

టైము సంగతి నాకు ఇష్టమైన ప్రశ్న. నాలుగుకి పదిన్నర అంటే తేడా ఎంత? అయిదున్నర గంటలు. మన దేశం గ్రీనిచ్ కన్నా ముందున్నది సరిగ్గా అంతే. కంప్యూటర్ లోపలి గడియారంలో ఉబుంటు గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ అదే అంకెని మన స్థానిక సమయం అనుకుని చదువుతుంది. ఇద్దరిదీ తప్పు కాదు, ఒప్పందం లేదంతే. ఉబుంటు టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్', ఖాళీ, 'సెట్-లోకల్-ఆర్‌టీసీ', ఖాళీ, 1 అని కొట్టు, గొడవ పోతుంది.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. పాత కంప్యూటర్, విండోస్ 11 ఎక్కదన్నారు, 7 తీసేసి 10 వేశాం. సీ, డీ, ఈ అని మూడు డ్రైవ్‌లు, ముందు 'సిస్టమ్ రిజర్వ్‌డ్' అని చిన్నది ఒకటి. చివర 80 జీబీ ఖాళీ కనిపిస్తే ఎఫ్ చేద్దామని నొక్కాను. డిస్కుని 'డైనమిక్' చేస్తానంటూ ఏదో అడిగింది, సరే అననా?
- గుమాస్తా, గుంటూరు

జవాబు: అనకండి! 'యెస్' నొక్కకుండా అడిగినందుకు మీకు దండం పెట్టాలి.

మీది పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కు. 1983లో డాస్ కాలంలో వచ్చిన ఏర్పాటు, పార్టిషన్లు రాసుకునే దాని పట్టికలో నాలుగు గళ్లే ఉంటాయి, మీ నాలుగూ నిండాయి. (ఇప్పటి డిస్కులు వాడే జీపీటీ పద్ధతిలో విండోస్ 128 దాకా ఇస్తుంది.) అయిదోది కావాలంటే విండోస్ డిస్కుని డైనమిక్‌గా మారుస్తానంటుంది, మారాక చాలా పనిముట్లు దాన్ని సరిగ్గా చదవలేవు, మళ్లీ మామూలు చేయాలంటే విండోస్ చెప్పే దారి అన్ని డ్రైవ్‌లూ తుడిచేయడమే. టాలీ లెక్కలున్న డిస్కు మీద ఆ ఆటలొద్దు.

అసలు మీకు ఎఫ్ ఎందుకు? ఆ 80 జీబీ ఈ డ్రైవ్‌కి ఆనుకునే ఉంది ('ఈ' అంటే ఇది కాదు, అక్షరం ఈ, మన భాషలో ఇదో చిక్కు). ఈ మీద రైట్ క్లిక్, 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్', మూడు 'నెక్స్ట్'లు, అంతే. పై డీటీపీ ఆయనకి లేని అదృష్టం మీకుంది, గట్టు పక్కనే నేల. చేసేముందు టాలీ డేటా ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, మిర్చి బస్తాలు వరసగా దిగే రోజుల్లో కాకుండా యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు చేయండి. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి.

ప్రశ్న: రిటైరైన టీచర్ని, పటమట. మా మనవడు సెలవులకొచ్చి కంప్యూటర్‌లో లినక్స్ ఏదో వేసి వెళ్లాడు. నాకు అక్కర్లేదని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని పార్టిషన్ తీసేసి, ఆ చోటు డీలో కలిపాను. బ్రహ్మాండంగా కలిసింది. కానీ మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని వచ్చి ఆగింది. నా ఫోటోలు పోయాయా?
- విజయవాడ

జవాబు: పోలేదు మాస్టారూ, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎక్స్‌టెండ్ మీరే చేసేశారంటే పైవాళ్లందరికన్నా మీరే నయం. ఇల్లు పడగొట్టారు గానీ గేటు దగ్గర మనవడు పెట్టిన బోర్డు (గ్రబ్ అంటే అదే, కంప్యూటర్‌కి లినక్స్ దారి చూపేది) అలాగే ఉంది, కంప్యూటర్ ఆన్ కాగానే ఆ బోర్డు చూసి లేని ఇంటికి వెళ్తోంది. ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి, కంపెనీని బట్టి ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ అవుతుంది, మొదటి తెర మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. జాబితాలో 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకోండి, మీ పాత తెర వచ్చేస్తుంది. తర్వాత బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే కంప్యూటర్ సొంత ఏర్పాటు) సెట్టింగుల్లోకి వెళ్లి దాన్నే మొదటి వరసలోకి తెచ్చి సేవ్ చేస్తే రోజూ నొక్కక్కర్లేదు. ఆ జాబితాలో అసలు విండోస్ పేరే లేకపోతే మీది పాత పద్ధతి సిస్టమ్ అన్నమాట, అప్పుడు విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ కావాలి, ఆ సంగతి రాయండి, వివరంగా చెబుతాను. మనవణ్ణి తిట్టకండి, దసరాకి వచ్చినప్పుడు ఆ పెన్‌డ్రైవ్ వాడి చేతే చేయించండి.